పీవీ మీద పోటీకొచ్చిన పంచర్ షాపాయన

నంద్యాల ఎన్నికలు అనగానే మా వైపు పెద్దవాళ్లు ఒక అంకె చెబుతారు. 5,80,297. 1991 నవంబరు ఉప ఎన్నికలో పీవీ నరసింహారావుకు వచ్చిన మెజారిటీ అది. ఆయనకు పడిన ఓట్లు 6,26,241. రెండో స్థానంలో ఉన్న బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌కు 45,944. అంతే, డిపాజిట్టు కూడా దక్కలేదు. ఆ మెజారిటీ గిన్నిస్ బుక్కు దాకా వెళ్లిందని ఇప్పటికీ టీ అంగళ్ల దగ్గర గర్వంగా చెప్పుకుంటారు.

గెలిచినాయన గురించి చాలామంది రాశారు. నేను రాయబోయేది ఆ ఎన్నికలో ఓడిపోవడానికే పనిగట్టుకుని 500 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చిన మనిషి గురించి. పేరు కె. పద్మరాజన్. ఊరు తమిళనాడులో సేలం జిల్లా మెట్టూరు. వృత్తి టైర్లు బాగుచేయడం. దేశ ప్రధానమంత్రి మీద పోటీకి నంద్యాల దాకా వచ్చాడు.

నవ్వొస్తుంది కదా? నాకూ వచ్చింది. కాసేపయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

ఓటమి ఆయన హాబీ

పద్మరాజన్ 1988లో నామినేషన్లు వేయడం మొదలుపెట్టాడు. టైర్ల షాపు నడుపుకునేవాడికి ఎన్నికలెందుకని ఊళ్లో నవ్వారు. మామూలు మనిషి కూడా పోటీ చేయొచ్చని చూపించడానికే దిగానని ఆయన అంటాడు. చూపించడం ఒక్కసారితో ఆగలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ధర్మపురి నుంచి నిలబడేనాటికి 238 సార్లు ఓడిపోయాడు. వాజ్‌పేయి, మన్మోహన్ సింగ్, మోదీ, రాహుల్ గాంధీ, జయలలిత, కరుణానిధి... పెద్ద నాయకుల్లో ఎవరినీ వదల్లేదు. పత్రికలవాళ్లు ‘ఎలక్షన్ కింగ్’ అని పేరు పెట్టారు. దేశంలో అందరికన్నా ఎక్కువసార్లు ఓడిన అభ్యర్థిగా లిమ్కా బుక్కులోకీ ఎక్కాడు.

మనిషిని చూస్తే సగం ప్రచారం అక్కడే అయిపోతుంది. బుర్ర మీసాలు, భుజం మీద తళతళలాడే కండువా. ఒకసారి చేప గుర్తు, ఒకసారి ఉంగరం, ఒకసారి టోపీ, ఒకసారి టెలిఫోన్. 2024లో మాత్రం వృత్తికి తగ్గట్టు టైరు గుర్తు. వేసిన ప్రతి నామినేషన్ కాగితాన్నీ, అభ్యర్థిగా ఇచ్చిన ప్రతి గుర్తింపు కార్డునూ లామినేషన్ చేయించి దాచుకున్నాడు. మనం పెళ్లి ఫొటోలు కూడా అంత భద్రంగా దాచుకోం.

ఇంతవరకు ఆయనకు బాగా ఓట్లు పడింది 2011లో, సొంతూరు మెట్టూరులో. 6,273. గెలిస్తే ఏం చేస్తారని అడిగితే, గుండె ఆగిపోతుందని జవాబు. ఓడిపోవడంలోనే సంతోషం ఉందంటాడు. పోయిన డిపాజిట్లన్నీ లెక్కేస్తే లక్షల్లో ఉంటాయి. అవన్నీ టైర్లకు పంచర్లు వేసి సంపాదించిన డబ్బులే.

తిరునాళ్లలో ఒంటరి

ఇక 1991కి వద్దాం. ఆ ఏడాది మే 21న రాజీవ్ గాంధీ హత్య. సరిగ్గా నెలకు, జూన్ 21న, పీవీ ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు. ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలిచి తీరాలి. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి తన సీటు ఖాళీ చేశారు. మొదటిసారి తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద పోటీ ఏమిటని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున అభ్యర్థినే పెట్టలేదు. అప్పటికి రాష్ట్రంలో ప్రధాన ప్రతిపక్షం ఆ పార్టీయే.

నేనప్పటికి పుట్టలేదు. మాది నంద్యాల పక్క పల్లె కాబట్టి ఆ ముచ్చట్లు వింటూ పెరిగాను. ఆమధ్య ఊరికి వెళ్లినప్పుడు మా పెదనాయనను అడిగాను.

“పెదనాయనా, పీవీ మింద మెట్టూరాయన ఒకడు పోటీ చేసినాడంట, గుర్తుందా నీకు?”

“పీవీ మింద పోటీ యాడిదిరా? అది ఎలచ్చన కాదు, తిరనాల. జీపులు, జెండాలు, మంత్రులు. మేమంతా తిరనాల చూసినట్టు చూసినాం.”

అదీ అప్పటి వాతావరణం. జిల్లా అంతా ఒకవైపు. అలాంటి చోటికి టైర్ల షాపాయన ఒక్కడే వచ్చి, ప్రధానమంత్రికి పోటీగా నామినేషన్ వేశాడు. ఆ ఎన్నికలో తనను కిడ్నాప్ చేశారని పద్మరాజన్ ఏళ్లుగా ఇంటర్వ్యూల్లో చెబుతూ వస్తున్నాడు. 238 ఓటముల కథలో నవ్వు లేని ఘట్టం ఇదొక్కటే. అది జరిగింది మా ఊరి దగ్గర.

నా నవ్వు ఆగింది ఇక్కడే. ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీ వచ్చే చోట, కొన్ని వందల ఓట్లు కూడా వస్తాయో రావో తెలియని మనిషితో ఎవరికి ఏం అడ్డం? లెక్క ప్రకారం ఏమీ లేదు. కానీ మా సీమలో ఎన్నిక ఎప్పుడూ లెక్క ఒక్కటే కాదు. ‘మనకు ఎదురు నిలబడేవాడు ఉన్నాడా’ అన్నది వేరే లెక్క. సర్పంచి పదవికి ఎవరూ పోటీ లేకుండా గెలిస్తే ‘ఏకగ్రీవం’ అని గొప్పగా చెప్పుకుంటాం. ప్రభుత్వమే దానికి బహుమానం ఇస్తుంది. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. ఊరంతా నిజంగా కలిసి ఒక మంచి మనిషిని ఎన్నుకుంటే మంచిదే. కానీ నామినేషన్ వేయడానికి వెళ్లినవాడు దారిలోనే వెనక్కి తిరిగినా కాగితం మీద కనిపించేది అదే ‘ఏకగ్రీవం’. రెండింటికీ తేడా ఆ కాగితంలో కనిపించదు.

టెస్టింగ్ వాళ్ల పని

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర టెస్టింగ్ టీమ్ అని ఉంటుంది. మేము నెల రోజులు కష్టపడి ఒక ఫారం తయారుచేస్తే, వాళ్లు వచ్చి పేరు రాయాల్సిన చోట అంకెలు కొడతారు, వయసు దగ్గర 400 అని కొడతారు, ఒకే బటన్ యాభైసార్లు నొక్కుతారు. ‘ఏ కస్టమరన్నా ఇట్లా చేస్తాడా?’ అని మాకు ఒళ్లు మండుతుంది. కానీ సాఫ్ట్‌వేర్ గట్టిదో కాదో తేలేది అక్కడే. అందరూ వాడినట్టు వాడితే ప్రతిదీ బాగానే పనిచేస్తుంది.

పద్మరాజన్ నాకు అలాంటి టెస్టర్‌లాగే కనిపిస్తాడు. రాజ్యాంగం ఒక మాట చెప్పింది. పాతికేళ్లు నిండిన పౌరుడు లోక్‌సభకు పోటీ చేయొచ్చు. మెట్టూరులో ఓటున్నవాడు నంద్యాలలో నిలబడొచ్చు. అవతల ప్రధానమంత్రి ఉన్నా సరే. ఈ మాట నిజమేనా అని తెలుసుకోవాలంటే పెద్ద పార్టీ అభ్యర్థిని పంపితే లాభం లేదు. ఆయన వెనక పది జీపులుంటాయి. ఏ జీపూ లేని మనిషిని పంపాలి. అతను నామినేషన్ వేసి, ప్రచారం చేసుకుని, క్షేమంగా ఇంటికి చేరితే వ్యవస్థ పాసైనట్టు. పద్మరాజన్ చెప్పేదాని ప్రకారం నంద్యాలలో ఆ పరీక్ష ఫెయిలైంది.

ఎదురు ఎవరూ లేకపోతే

‘ఇలాంటి వాళ్లు లేకపోతే ఏమవుతుందిలే’ అనేవాళ్లకు మా నంద్యాల నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1977లో రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లకు 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. అదే ఏడాది ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవికి 37 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో 36 చెల్లకుండా పోయాయి. సంజీవరెడ్డి ఎన్నిక ఏకగ్రీవం. అంతకు పదేళ్ల ముందు, 1967 రాష్ట్రపతి ఎన్నికలో 17 మంది పోటీ చేస్తే 9 మందికి ఒక్క ఓటూ పడలేదు. ఇలాంటివాళ్లను తగ్గించాలనే తర్వాత ప్రతిపాదించేవాళ్లు, బలపరిచేవాళ్లు, డిపాజిట్టు అంటూ నిబంధనలు బిగించారు.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు కాబట్టి మనకు నష్టం లేదనుకుందాం. 2024లో సూరత్ చూడండి. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ గెలిచినట్టు ప్రకటించారు. సూరత్ ఓటర్లు లోక్‌సభకు ఓటేయకుండానే ఆ ఎన్నిక ముగిసింది. ఉపసంహరించుకోకుండా ఒక్క పద్మరాజన్ మిగిలి ఉంటే చాలు, పోలింగ్ జరిగేది.

అదే ఎన్నికల్లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాడు. కానీ ఇతర అభ్యర్థులు మిగిలారు కాబట్టి పోలింగ్ జరిగింది. గెలిచిన బీజేపీ అభ్యర్థి మెజారిటీ 11 లక్షలు దాటింది. పీవీ మెజారిటీకి అది దాదాపు రెట్టింపు. కానీ అక్కడ రెండో స్థానం ఏ అభ్యర్థిదీ కాదు, నోటాది. 2,18,674 మంది ‘వీళ్లెవరూ వద్దు’ అని నొక్కారు. ఆ బటన్ నొక్కే అవకాశం ఇండోర్ వాళ్లకు దక్కిందంటే, బరిలోంచి కదలని చిన్నాచితకా అభ్యర్థుల వల్లే. సూరత్ వాళ్లకు అదీ లేదు.

ఖర్చు మాటేమిటి?

ఇంకోవైపు కూడా చెప్పాలి. ప్రతి అభ్యర్థీ ప్రభుత్వానికి ఖర్చే. పేరు అచ్చువేయాలి, గుర్తు ఇవ్వాలి, లెక్కలు చూడాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 13,952 మంది నిలబడ్డారు. ఆ ఏడాదే చట్టం మార్చారు. అప్పటిదాకా 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్టు 10,000 అయింది. స్వతంత్రులను ప్రతిపాదించడానికి అదే నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకాలు పెట్టాలన్నారు. 1998 ఎన్నికలకు అభ్యర్థులు 4,750కి పడిపోయారు. 2009లో చట్టాన్ని మళ్లీ సవరించి డిపాజిట్టును 25,000 చేశారు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఆ డబ్బు పోయినట్టే.

తమాషాకు నిలబడేవాళ్లు తగ్గారు, నిజమే. కానీ 1996లో నిలబడిన వాళ్లంతా తమాషాకు నిలబడలేదు. ఆ ఏడాది నల్గొండలో ఏకంగా 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్నాయి, మంచినీళ్లివ్వండని ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ వినలేదు. అప్పుడు జనం నామినేషన్లనే అర్జీలుగా పెట్టారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. దేశమంతా నవ్వింది. నవ్వుతూనే నల్గొండ నీళ్ల గురించి తెలుసుకుంది.

2019లో నిజామాబాద్ కూడా అలాగే చేసింది. పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. మనిషికి 25,000 చొప్పున డిపాజిట్లే 44 లక్షల 50 వేలు. పార్టీల వాళ్లతో కలిపి అభ్యర్థులు 185 మంది. ఇక్కడ ఇంజినీర్‌గా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఈవీఎంలో ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లు పడతాయి. పాత యంత్రాలకు నాలుగు యూనిట్లే కలపగలరు, అంటే 64 పేర్లు. నిజామాబాద్‌లో నోటాతో కలిపి 186 బటన్లు కావాలి. అందుకని 24 యూనిట్ల దాకా కలపగలిగే ఎం3 యంత్రాలు తెప్పించి, ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పేర్చారు. కాగితం బ్యాలెట్‌కు తిరిగి వెళ్లాల్సి వస్తుందేమో అనుకున్న ఎన్నిక యంత్రాలతోనే జరిగింది. రైతులు పెట్టిన పరీక్షలో ఎన్నికల సంఘం పాసైంది. రైతులు ఓడిపోయారు. కానీ వాళ్లడిగిన పసుపు బోర్డు మాట తర్వాత ఏ నాయకుడూ దాటవేయలేకపోయాడు. 2023 అక్టోబరులో ప్రధాని ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్‌లో బోర్డు మొదలైంది.

ఇంకా దగ్గరికి రండి. మా నంద్యాల జిల్లాకు కృష్ణ అవతలి గట్టు కొల్లాపూర్. డిగ్రీ చదివినా ఉద్యోగం రాలేదు, అందుకే బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టిన కర్నె శిరీష 2023 తెలంగాణ ఎన్నికల్లో అక్కడ విజిల్ గుర్తు మీద నిలబడింది. ‘బర్రెలక్క’ అని మొదట అందరూ మీమ్స్ వేసుకున్నారు. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది. హైకోర్టు ఆమెకు భద్రత ఇవ్వమంది. చివరికి 5,754 ఓట్లు పడ్డాయి. 1991లో నంద్యాలకు వచ్చిన పద్మరాజన్‌కూ 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కకూ మధ్య నాకు కనిపించే తేడా ఇదే. ఆమెకు ఏం జరుగుతోందో లక్షల ఫోన్లు చూస్తున్నాయి. ఆయనకు ఏం జరిగిందో చూడటానికి ఒక్క ఫోనూ లేదు.

చెత్తబుట్ట పక్కన ప్రధాని

ఇంగ్లండులో కౌంట్ బిన్‌ఫేస్ అని ఒకాయన ఉన్నాడు. తలకు చెత్తబుట్ట తగిలించుకుని, వేరే గ్రహం నుంచి వచ్చానని చెప్పుకుంటూ పోటీ చేస్తాడు. 2024 జులైలో అప్పటి ప్రధాని రిషి సునాక్ మీద నిలబడి 308 ఓట్లు తెచ్చుకున్నాడు. అక్కడి పద్ధతి ప్రకారం ఫలితం చెప్పేటప్పుడు అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద నిలబడాలి. సునాక్ అధికారం పోగొట్టుకున్న రాత్రి, ఆయన మాట్లాడుతుంటే వెనక చెత్తబుట్ట తలకాయ కనిపిస్తూనే ఉంది. ఎవరూ దాన్ని పక్కకు నెట్టలేదు.

వాళ్లు గొప్పవాళ్లు, మనం కాదు అనడానికి ఇది చెప్పడం లేదు. అంత పెద్ద మనిషి పక్కన అంత తమాషా మనిషి నిలబడినా ఎవరికీ ఏమీ కాదనే నమ్మకం ఆ వేదిక మీద ఉంది. 1991లో మా ఊళ్లో లేనిది ఆ నమ్మకమే.

ఆ ఒక్క సంతకం

చివరగా ఒక సంగతి. ఈ పాత చట్టాలు చదువుతుంటే తగిలింది. 1996కు ముందు స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు అక్కర్లేదు, ఒక్కరు చాలు. కానీ ఆ ఒక్కరు కచ్చితంగా ఆ నియోజకవర్గం ఓటరే అయి ఉండాలి. మెట్టూరు ఓటరు నంద్యాలలో నిలబడొచ్చు, కానీ మెట్టూరు ఓటరు నంద్యాలలో ప్రతిపాదించకూడదు. అంటే పద్మరాజన్ నామినేషన్ కాగితం మీద నంద్యాల ఓటరు సంతకం ఒకటి ఉండి తీరాలి.

దాని గురించి ఆలోచిస్తే పద్మరాజన్ కన్నా ఆ మనిషే నాకు ఎక్కువ వింతగా కనిపిస్తాడు. పద్మరాజన్ ఎన్నికయ్యాక మెట్టూరుకు వెళ్లిపోతాడు. ఈ మనిషి అక్కడే ఉండాలి. అదే వీధిలో, అదే టీ అంగడి దగ్గర, అదే జీపుల మధ్య. జిల్లా అంతా ఒక్కటైన ఎన్నికలో, ముక్కూమొహం తెలియని తమిళాయన కోసం ప్రధానమంత్రికి ఎదురుగా తన పేరు, ఓటరు జాబితాలో తన నంబరు రాసి సంతకం పెట్టాడు. సరదాకు పెట్టాడో, తెగించి పెట్టాడో, ఇంటికొచ్చిన అతిథి అడిగితే కాదనలేక పెట్టాడో.

పెదనాయనను ఇది కూడా అడిగాను. “ఎవరు పెట్టింటారు పెదనాయనా, సంతకం?”

ఆయన కాసేపు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. “పెట్టినోడు చెప్పుకోడురా. చెప్పుకునేటోడు పెట్టింటే కదా!”

ఆ ఎన్నికలో పీవీకి ఓటేసిన 6,26,241 మంది లెక్క రికార్డుల్లో ఉంది. పద్మరాజన్ లెక్క లిమ్కా బుక్కులో ఉంది. ఆ సంతకం పెట్టినాయన ఇంకా మా చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడైనా ఉంటే, ఈ పేజీ ఆయన ఫోన్లోకి వస్తే, ఒక్క మాట చెప్పాలనుంది. పెద్దాయనా, ఆ ఏడాది మన జిల్లాలో పోటీ అనేది ఒకటుందని చూపించిన వాళ్లలో నువ్వూ ఉన్నావు. ఈసారి ఊరికొచ్చినప్పుడు కలుస్తా, టీ ఖర్చు నాది.